ఇద్దరూ ఒక్కరేనా?

భేరివీధి లాడ్జిలో రెండో అంతస్తు.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రాదు.
కెమెరాలోంచి కార్డు ఊడదీసి
టాబ్లెట్‌కి తగిలించాను.
ఆరువందల పన్నెండు ఫోటోలు.
జాతర జనంలో నీళ్ల ట్యాంకరు
హారన్ కొట్టుకుంటూ దారి చేసుకున్నట్టు
నీలిగీత జరుగుతోంది, ఆగుతోంది, జరుగుతోంది.

ఒకసారి పోగొట్టుకున్నాను.
రేణిగుంట ప్లాట్‌ఫారం అంచున, గోరంత కార్డు,
వేళ్ల సందులోంచి జారి పట్టాల కంకరలోకి.
నాలుగు ఊళ్లు పోయాయి, ఒక పెళ్లి పోయింది,
బోసినోటి ముసలాయన నవ్వొకటి పోయింది.
అప్పట్నించీ ఏ ఊళ్లో పడుకున్నా
రెండో చోట దాచందే కునుకు పట్టదు.
అన్నం సంగతి మరిచిపోతాను గానీ.

గీత నిండింది. ఒక్కొక్కటీ జరుపుతున్నాను.
నామసుద్ద పూసుకున్న బైరాగి.
కుంకుమ పులుముకున్న బండ.
బొగ్గు రాసుకుని, వేపమండలు చుట్టుకుని
ఎవరినో నోరారా తిడుతున్న తోటి.
టాబ్లెట్‌కి ఏదో అనుమానం.
రెండు గుండ్రాల్లో తెల్లటి మొహం, నల్లటి మొహం పెట్టి
అడుగుతుంది:
ఇద్దరూ ఒక్కరేనా?
అవును. కాదు. చెప్పలేను.

టీ తెచ్చిన పురుషోత్తం భుజం మీంచి వంగి చూశాడు.
"యెవురనుకుంటివి మా? మా చెంగల్రాయులు!
కొర్లగుంటలో పంచర్లేస్తాడు.
నిన్న నన్ను నడివీధిలో నిలబెట్టి
మా తాత కాడ్నించి తిట్టుకుంటా వచ్చినాడు.
మొక్కుబడి కదా, పడినా.
నాకియ్యాల్సిన రెండొందలు మాత్రం
గంగమ్మ చెప్పినా వదల్ను."
అవును నొక్కాను.

తర్వాతి ఫోటో.
ఆకుపచ్చ చీర, తల్లో కనకాంబరాలు,
పైపెదవి మీద పౌడరు కింద గీసేసిన మీసం నీడ.
పురుషోత్తం నవ్వలేదు.
రెండు వేళ్లతో పెద్దది చెయ్యబోయి
టీ మరక అంటించి, లుంగీతో తుడిచి
"మా వోడు" అన్నాడు.
కాసేపాగి,
"చీర వాళ్లమ్మది."

ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది.
చొక్కా జేబులోంచి పర్సు, పర్సులోంచి ప్లాస్టిక్ కవరు,
కవర్లోంచి రేషన్ కార్డుకని దిగిన ఫోటో.
ఏ వానలో తడిసిందో
గడ్డం దగ్గర రంగు తేలిపోయి ఉంది.
"ఇంకోటి లేదు మా.
దీన్ని కూడా ఆ పలకలో ఎక్కించు."

ట్యూబ్‌లైటు మెరుపు పడకుండా
ఆయన లుంగీ అంచు అడ్డం పట్టాడు, నేను తీశాను.
ఆరువందల పదమూడోది.
తీసి దింపానో లేదో
రెండు గుండ్రాలు వచ్చాయి.
ఒకదాంట్లో కనకాంబరాల మొహం,
ఒకదాంట్లో తడిసిన మొహం.
ఇద్దరూ ఒక్కరేనా?

ఆయనకు చదువు రాదనుకున్నాను.
కూడబలుక్కుంటూ మూడు జవాబులూ చదివాడు.
"ఈ చెప్పలేను నొక్కితే ఏమైతాది?"
మళ్లీ ఇంకెప్పుడో అడుగుతుందన్నాను.
"అయితే అదే నొక్కు.
అడగనీ.
అడగతా ఉండనీ."
ఖాళీ గ్లాసు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

తెల్లవారుజామున గుడి ముందు
రాత్రంతా కట్టిన మట్టిమొహం కూలింది.
చీకట్లో వెయ్యి చేతులు లేచాయి మట్టి కోసం.
కెమెరా మెడలో ఊగుతుంటే
నేనూ చాపాను.
చిటికెడు దొరికింది, తడిగా.

దాన్ని కాగితంలో మడిచి
కార్డు పెట్టుకునే అరలో పెట్టాను.
రైలెక్కాక చూస్తే
అర నిండా ఎర్రటి పొడి.
కార్డు ఊది తుడుచుకున్నాను.
అర దులపలేదు.